చెట్ల పేర ఒక చిందు

(బి.ఎస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థి)

కిందటేడు తొలకరికి మా ఊరి చెరువు కట్ట మీద 120 మొక్కలు నాటాము. కానుగ, వేప, నేరేడు. నాటినవాళ్ళం పదకొండు మందిమి, అందరమూ మన కాలేజీ వాళ్ళమే. చెట్ల సంఘం అని పేరు పెట్టుకున్నాం గాని, సంఘమంటే ఆ పదకొండు మందే. మా ఊరి కుర్రాళ్ళు కూడా కలిసి వస్తారని వారం ముందే పంచాయతీ ఆఫీసు గోడకూ, పాలకేంద్రం దగ్గరా, రామాలయం అరుగు పక్కనా కాగితాలు అంటించాను. ఆదివారం పొద్దున వచ్చింది నలుగురు. అందులో ఇద్దరు మా చిన్నాన్న కొడుకులు, మా అమ్మ తరిమితే వచ్చారు. మిగతా ఊరు కట్ట కింద నిలబడి కాసేపు చూసి, ఫోటోలు తీసుకోవడం అయిందా అని అడిగి వెళ్ళిపోయింది. ఈ ఏప్రిల్ నాటికి బతికినవి తొమ్మిది. ఎండకు చచ్చినవి కొన్ని, మేకలు మేసినవి ఎక్కువ.

నాకు ఊరి మీద పట్టలేనంత కోపం వచ్చింది. మన జనానికి చెట్టు విలువ తెలియదు, ఎంత చెప్పినా ఇంతే అని ఇంటికి వచ్చి మా నాయన దగ్గర ఎగిరాను. ఆయన అప్పుడే గేదెలకు చొప్ప వేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. మేకలవాళ్ళను ఒక్క మాట అడిగారా అన్నాడు. అడగలేదు. కట్ట మీద గుడ్డలు ఉతికే ఆడవాళ్ళను? అడగలేదు. సరే, టీ తాగుదువు రా అని లోపలికి పోయాడు. అంతకంటే పెద్ద ఉపన్యాసం మా నాయన ఎన్నడూ ఇచ్చినవాడు కాదు.

ఈ సంగతి మా బోటనీ లెక్చరర్ గారి దగ్గర చెప్పుకుంటే, ఆయన నవ్వి, తన అలమారలోంచి అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి తీసి ఇచ్చారు. పేరు 'మై లైఫ్, మై ట్రీస్'. 1970లో అచ్చయింది. వ్రాసినవాడు రిచర్డ్ సెయింట్ బార్బ్ బేకర్ అనే అటవీ శాస్త్రజ్ఞుడు, తన సొంత జీవితం తానే వ్రాసుకున్నాడు. నా ఇంగ్లీషు సంగతి మా క్లాసు మిత్రులకు తెలియంది కాదు. నిఘంటువు పక్కన పెట్టుకుని సెలవులంతా చదివాను. తరువాత ఆయనను గురించి ఇతరులు వ్రాసినవి కూడా దొరికినంతవరకు చూశాను. చెట్ల పని చేసేవాళ్ళలో ప్రపంచమంతా ఎరిగిన పేరు అది. మన కాలేజీలో మాత్రం ఎక్కువమంది విని ఉండరనే ధైర్యంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

బేకర్ 1889 అక్టోబరు 9న ఇంగ్లండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రికి మొక్కల నర్సరీ ఉండేది. చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే విత్తు చల్లడం, నారు పోయడం, మొక్కను వేరు తెగకుండా తీసి నాటడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు కాస్త దగ్గరివాడు అనిపించాడు. పొగాకు నారుమడి దగ్గర మా నాయన నన్ను తిట్టిన తిట్లన్నీ గుర్తుకు వచ్చాయి.

ఇరవై ఏళ్ళ వయసులో, అంటే సరిగ్గా నా వయసులో, ఓడ ఎక్కి కెనడా పోయాడు. అప్పుడే కొత్తగా పెట్టిన సస్కచెవాన్ విశ్వవిద్యాలయంలో తొలి బ్యాచీల విద్యార్థుల్లో ఒకడయ్యాడు. చదువుకుంటూనే అడవుల్లో కలప కొట్టే క్యాంపులో కూలి పని చేశాడు. కొట్టిన చెట్టులో ఎంత భాగం వృథాగా పారేస్తున్నారో అక్కడ కళ్ళారా చూశాడు. పొలాల సంగతి అంతకంటే ఘోరం. కొత్తగా వచ్చిన రైతులు మైదానాల్లో ఉన్న చిట్టడవిని నరికి దున్నేస్తే, గాలికి అడ్డు లేక పైమన్ను దుమ్మై లేచిపోవడం చూశాడు. చదువు మార్చుకోవాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. అయితే వెంటనే కుదరలేదు. మతాచార్యుడు కావాలని కేంబ్రిడ్జిలో చేరాడు, అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఫిరంగి దళంలో పనిచేసి, గాయపడి, ఇంటికి చేరాడు. యుద్ధం అయ్యాక కేంబ్రిడ్జిలోనే అటవీశాస్త్రం చదివాడు. ఖర్చుల కోసం, యుద్ధంలో మిగిలిపోయిన విమానాల సామాను కొని కార్ల వెనక తగిలించుకునే ఇంటిబండ్లు చేయించి అమ్మాడట. బతకనేర్చినవాడే!

1920లో ఆయనను కెన్యాకు అసిస్టెంట్ కన్సర్వేటర్ ఆఫ్ ఫారెస్ట్స్ ఉద్యోగం మీద పంపారు. ఇక్కడినుంచే అసలు కథ.

కెన్యా అప్పుడు బ్రిటిషు వలస. ఎత్తు మీద ఉన్న చల్లని మంచి భూములు తెల్లదొరలకు పంచిపెట్టారు. ఆ చుట్టుపక్కల కికుయు అనే జాతివాళ్ళు తరతరాలుగా సేద్యం చేసుకుంటున్నారు. అడవి కొంత నరికి, తగులబెట్టి, ఆ బూడిద బలం మీద కొన్నేళ్ళు మొక్కజొన్న, చిక్కుడు, దుంపలు పండించి, భూమి అలిసిపోతే వేరే చోటికి కదలడం వాళ్ళ పద్ధతి. మన ఏజెన్సీలో పోడు లాంటిదే. భూమి దండిగా ఉన్నప్పుడు వదిలేసిన చోట అడవి మళ్ళీ లేచేది. భూమి కుదించుకుపోయాక లేవడానికి వ్యవధి లేదు. దొరల తోటలకు, రంపపు మిల్లులకు పోయిన అడవి ఎటూ పోయింది. కొండవాలుల మట్టి వానకు కొట్టుకుపోతున్నది. బేకర్‌కు అప్పగించిన పని అడవిని కాపాడటం, తిరిగి పెంచడం. అంత పెద్ద ప్రాంతంలో మొక్కలు నాటించడానికి చాలినంత డబ్బు శాఖ దగ్గర లేదు. కూలి ఇచ్చి చేయించలేడు. గార్డులను పెట్టి బెదిరిస్తే పగలు భయపడతారు, రాత్రి నరుకుతారు. కాబట్టి ఆ ఊళ్ళవాళ్ళే తమంతట తాము రావాలి. ఎందుకు వస్తారు?

ఇక్కడ నేను ఒక విషయం ఆగి చెప్పాలి. బేకర్‌ను పొగిడేవాళ్ళు దీన్ని తొందరగా దాటేస్తారు. అది 1922. కికుయు మగవాళ్ళు కిపాండే అనే గుర్తింపు చీటీ వెంట పెట్టుకుని తిరగాలి. గుడిసెకు పన్ను కట్టాలి. వెట్టి చేయాలి. వీటిని ఎదిరించిన హ్యారీ తూకు అనే యువ నాయకుణ్ణి ఆ ఏడు మార్చిలో అరెస్టు చేశారు. ఆయనను విడిచిపెట్టమని నైరోబీలో పోలీసు ఠాణా ముందు జనం చేరితే, మార్చి 16న కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. అది జరిగిన నాలుగు నెలలకు, అదే ప్రభుత్వంలో ఉద్యోగం చేస్తున్న ఒక తెల్ల అధికారి అదే జాతివాళ్ళ దగ్గరికి పోయి, మీరు ఊరికే వచ్చి మొక్కలు నాటండి అని అడగాలి! మా కట్ట మీద మమ్మల్ని ఫోటోల కోసం వచ్చారని అనుమానించారంటే, అతన్ని ఎంతగా అనుమానించి ఉంటారో ఊహించుకోండి.

బేకర్ కాగితాలు అంటించలేదు. ముందు ఒక నర్సరీ వేశాడు. తరువాత పెద్దల దగ్గర కూర్చున్నాడు. వాళ్ళ భాష నేర్చుకున్నాడు, నమ్మకాలు తెలుసుకున్నాడు. జోసయా న్జోంజో అనే చీఫ్‌తో స్నేహం కుదిరింది. చెట్లు నాటడం గురించి ఎత్తితే పెద్దలు చెప్పిన సమాధానం ఏమంటే, అది దేవుడి పని, మనుషుల పని కాదని. అడవిని మొలిపించినవాడు దేవుడు, ఆయనే మళ్ళీ మొలిపిస్తాడు. వాళ్ళకు చెట్ల మీద భక్తి లేక కాదు. ముగుమో అనే మర్రిజాతి చెట్టు వాళ్ళకు పూజనీయం, దాని కింద మొక్కులు తీర్చుకుంటారు, దాన్ని నరకరు. మన రావిచెట్టుకు గొడ్డలి ఎత్తడానికి చెయ్యి రాదు కదా, అలాగే. అంటే చెట్టు విలువ తెలియని జనం కాదు వాళ్ళు. విలువ తెలియదని నేను మా ఊరిని తిట్టినట్టు బేకర్ వాళ్ళను తిట్టి ఊరుకుంటే కథ అక్కడితో ఆగిపోయేది.

ఆయన కంటికి ఆనింది వేరే సంగతి. కికుయులకు ప్రతి ముఖ్యమైన పనికీ ఒక నాట్యం ఉంది. చిక్కుడు విత్తేటప్పుడు ఒకటి, మొక్కజొన్న కోసేటప్పుడు ఒకటి. చెట్లు నాటడానికి మాత్రం లేదు. ఎందుకంటే అది వాళ్ళ పనుల జాబితాలోనే లేదు. అయితే చెట్ల పేర ఒక చిందు ఎందుకు పెట్టకూడదు అని పెద్దలను అడిగాడు. వాళ్ళకు ఆ ఆలోచన నచ్చింది. కబురు ఊరూరా పోయింది. బాగా అలంకరించుకుని వచ్చిన యువకుడికి బలిసిన కోడె బహుమతి, అందమైన పిల్లకు పూసల దండ. మన తిరనాళ్ళలో ఎడ్ల పందేలకు వెండి కడియం పెట్టినట్టన్నమాట.

1922 జూలై 22న ముగుగా అనే చోట ఆ నాట్యం జరిగింది. మూడు వేల మంది యువకులు వచ్చారని బేకర్ వ్రాసుకున్నాడు. లెక్కలో కాస్త అటూ ఇటూ ఉన్నా, జనం విరగబడి వచ్చిన మాట నిజం. ఆట ముగిశాక ఆయన వాళ్ళను అడిగింది చాలా కొద్ది. దేవుడు న్గాయి ఎదుట మాట ఇచ్చి, ఏడాదికి పది మొక్కలు నాటేవాళ్ళు, ఎక్కడ చెట్టు కనపడినా దాని బాగోగులు చూసేవాళ్ళు, రోజుకు ఒక మంచి పని చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకు రండని. రోజుకొక మంచి పని అన్నది స్కౌటు కుర్రాళ్ళ దగ్గరనుంచి తెచ్చినట్టుంది. వచ్చినవాళ్ళందరినీ చేర్చుకోలేదు. మొదటి విడతకు 50 మందిని మాత్రం ఎంచుకున్నారు. వాళ్ళకు ఒక గుర్తు, ఒక సంకేత పదం ఇచ్చారు. ట్వహమ్వే అంటే అందరం ఒక్కటిగా అని అర్థం. వాళ్ళ సంఘం పేరు స్వాహిలీలో వాటు వా మిటి, అంటే చెట్ల మనుషులు.

మూడు వేల మంది వస్తే 50 మందినే తీసుకోవడం మొదట నాకు అర్థం కాలేదు. నేనైతే మూడు వేల సంతకాలూ పట్టుకుని ప్రిన్సిపాల్ గారి గదికి పరిగెత్తేవాణ్ణి. నిదానంగా ఆలోచిస్తే తెలిసింది. అందరికీ దొరికే పనికి గౌరవం లేదు. ఎన్నికైన 50 మందిని చూసి తక్కినవాళ్ళు, మమ్మల్ని ఎప్పుడు చేర్చుకుంటారని అడుగుతారు. రెండోది, ఏడాదికి పది మొక్కలంటే ఎవడైనా మోయగల బరువు. మేము ఒక్క పూటలో 120 నాటి చేతులు దులుపుకున్నాం. మర్నాడు వాటికి నీళ్ళు ఎవరు పోయాలో ఎవరి పేరు మీదా లేదు.

పని పద్ధతి కూడా రైతుకు నష్టం లేకుండా కుదిర్చారు. నరికిన అడవిలో మొక్కజొన్న, దుంపల సాళ్ళ మధ్యనే సెడారు, అడవి ఆలివ్ లాంటి స్థానిక జాతుల మొక్కలు నాటించారు. పైరుకు కలుపు తీస్తే మొక్కకూ తీసినట్టే. రెండు మూడేళ్ళకు భూమి అలిసి రైతు కదిలిపోయేనాటికి వెనక లేత అడవి నిలిచి ఉంటుంది. బర్మాలో టేకు తోటలకు టాంగ్యా అని ఇలాంటి పద్ధతి అంతకు ముందే ఉంది. కాబట్టి అది బేకర్ కనిపెట్టిందని నేను అనను.

లోపాలు లేవా? ఉన్నాయి. పేరులోనే ఉంది, లండన్‌లో దాన్ని మెన్ ఆఫ్ ద ట్రీస్ అన్నారు. కికుయు ఇళ్ళలో పొలం పనిలో ఎక్కువ భాగం చేసేది, నీళ్ళు మోసేది, కట్టెలు తెచ్చేది ఆడవాళ్ళు. ఆ రోజు వాళ్ళకు దక్కింది అందానికి పూసల దండ. చీఫ్ కూడా ప్రభుత్వం ఒప్పుకున్న చీఫే, ఆయన పిలిస్తే రాకుండా ఉండటం అందరికీ తేలిక కాదు. పోయిన భూమి గురించి ఆ నాట్యంలో ఎవరూ ఎత్తలేదు. ఇవన్నీ తెలిసి కూడా నేను బేకర్‌ను తీసిపారేయలేకపోతున్నాను. ఎందుకంటే ఆయన దొరతనాన్ని కొంతైనా వదులుకున్నవాడు. ఒక పైఅధికారి ఒక ఆఫ్రికన్ పనివాణ్ణి కొట్టబోతే మధ్యలో అడ్డుపడి ఆ దెబ్బ తన భుజం మీద తిన్నాడు. అక్కడి ఉద్యోగం ఎంతోకాలం నిలవలేదు. ఆ దెబ్బ కబురు మాత్రం కికుయు గుడిసెలన్నింటికీ పాకి ఉంటుందని నా నమ్మకం.

1924లో లండన్‌లో సంఘాన్ని పెట్టాడు. తరువాత నైజీరియా అడవుల్లో కొన్నాళ్ళు పనిచేశాడు. 1929లో పాలస్తీనా పోయాడు. అరబ్బులకు, యూదులకు ఘర్షణలు జరిగిన ఏడు అది. వేరే దేనికీ ఒకచోట కూర్చోని మతపెద్దలను మొక్కల పేరు చెప్పి కూర్చోబెట్టాడు. అమెరికాలో రెడ్‌వుడ్ మహావృక్షాల రక్షణ కోసం తిరిగాడు. 1952, 53లలో సహారా ఎడారి చుట్టుపక్కల సుమారు 9,000 మైళ్ళు ప్రయాణం చేసి, ఎడారి ఎలా ముందుకు జరుగుతున్నదో పరిశీలించాడు. న్యూజిలాండులో స్థిరపడ్డాక 74 ఏళ్ళ వయసులో గుర్రమెక్కి వెయ్యి మైళ్ళకు పైగా స్వారీ చేస్తూ, దారిలో బడి కనపడితే దిగి, పిల్లలకు చెట్ల సంగతులు చెప్పాడు. ఆ వయసులో మా తాతయ్యను సైకిలు కూడా ఎక్కనివ్వలేదు మేము. ముసలితనంలో మన దేశానికీ వచ్చాడు. చిప్కో ఉద్యమంలో ఉన్న సుందర్‌లాల్ బహుగుణను కలిసి ఆ పనికి అండగా నిలిచాడు.

ముగుగా నాట్యం జరిగిన 55 ఏళ్ళకు అదే కికుయు జాతికి చెందిన వంగారి మాతాయి 1977 జూన్ 5న నైరోబీలో ఊరేగింపుగా వెళ్ళి ఒక పార్కులో ఏడు మొక్కలు నాటింది. గ్రీన్ బెల్ట్ ఉద్యమానికి అది మొదలు. ఆ మొక్కల్లో ఎక్కువ భాగం బతకలేదు. అది చదివి, మా 120 మీద కొంచెం బెంగ తగ్గిందని ఒప్పుకోవాలి. ఆమె తరువాత పల్లెల్లో ఆడవాళ్ళ జట్లు కట్టి, నారు వాళ్ళ చేతనే పోయించి, నాటినందుకు కాక, బతికించిన మొక్కకు ఇంత అని చిన్న మొత్తం ఇప్పించింది. బేకర్ పిలవడం మరిచిపోయినవాళ్ళను ఆమె పిలిచింది. ఆమెకు 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

బేకర్ 1982 జూన్ 5న తాను ఇరవై ఏళ్ళ వయసులో చదువుకున్న సస్కచెవాన్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక మొక్క నాటాడు. అదే ఆఖరుది. నాలుగు రోజులకు, జూన్ 9న, ఆ ఊళ్ళోనే పోయాడు. 92 ఏళ్ళు బతికాడు.

పుస్తకం తిరిగి ఇచ్చేశాక నేను ఊరికి పోయి మేకలవాళ్ళ దొడ్డికి వెళ్ళాను. పెద్దాయన మంచం వాల్చి కూర్చోమన్నాడు. కట్టకు ఉత్తరం వైపు మందను నీళ్ళకు తోలే దారి అది, మేము సరిగ్గా దారి మీదే నాటామట. మేకకు దారి తెలుసు గాని కానుగ మొక్క కాలేజీదని ఎలా తెలుస్తుందని అడిగాడు. ఆ దారి వదిలేసి, దిగువన అవిశ, తుమ్మ వేస్తే మేపు కూడా అవుతుంది, మందను ఆ పక్కకు రానీయకుండా తామే చూసుకుంటామన్నాడు. రేవు దగ్గర ఆడవాళ్ళు నేరేడు వద్దన్నారు. పండు రాలితే గుడ్డలకు మరక, నీడకు వేప చాలన్నారు. మా ఊళ్ళో చెక్కభజన జట్టు ఉంది. వాళ్ళ గురువుగారిని అడిగితే, ఏరువాక పున్నమి నాడు ఎడ్లను పూజించి పొలానికి తోలుకుపోయేటప్పుడు ఎటూ భజన ఉంటుంది, ఈసారి కట్ట మీదుగా పోదాం అన్నారు. మనిషికి ఐదు మొక్కలు, ఏ మొక్క ఎవరిదో పేరు వ్రాసుకోవాలని అనుకున్నాం. ఇప్పటికి 31 మంది పేర్లు ఇచ్చారు. అందులో ఆడవాళ్ళు పద్నాలుగు మంది, మేకలవాళ్ళు ఆరుగురు. ఆ రోజుకు ఎందరు వస్తారో నేను చెప్పలేను. మన కాలేజీ వాళ్ళు రాదలచుకుంటే శనివారం మధ్యాహ్నం బోటనీ ల్యాబు ముందు కలవండి. కెమెరా తేవద్దు, పార తెండి.

బతికిన ఆ తొమ్మిది మొక్కలను మళ్ళీ ఒకసారి చూసి వచ్చాను. అందులో ఐదింటి చుట్టూ రేగుకంప నాటి ఉంది. మేము పెట్టింది కాదు. ఎవరు పెట్టారని అడిగితే మా చిన్నాన్న కొడుకు చెప్పాడు, మేకల పెద్దాయన మనవడు, ఏడో తరగతి పిల్లవాడు, వేసవిలో రోజూ సాయంత్రం బిందెతో నీళ్ళు కూడా పోశాడట. నా కాగితం వాడు చదివాడట గాని, కాలేజీ విద్యార్థులు అని ఉండేసరికి తనను కాదనుకున్నాడట. 31 మంది పట్టికలో మొదటి పేరు ఇప్పుడు వాడిదే.